పోలండ్ మెరక సీమలో ఒక చిన్న ఊరు: దాని పుట్టుపూర్వోత్తరాలు పట్టుకోవడం ఎలా

పోలండ్‌లో ఏ చిన్న ఊరి గురించి వెతికినా ఒకే మూసలో పోసిన వాక్యం ఎదురవుతుంది. ఫలానా గ్మినాలో (మన మండలం లాంటిది), ఫలానా పొవ్యాత్‌లో (జిల్లా లాంటిది) ఉన్న గ్రామం, గ్మినా ఆఫీసుకి ఉత్తరంగా ఇన్ని కిలోమీటర్లు, జనాభా మూడొందల చిల్లర. అంతే, అయిపోయింది. అది మీ పక్క సీటు ఆయన సొంతూరు కావచ్చు, ఏదో పాత ఫోటో వెనక పెన్సిలుతో రాసిన పేరు కావచ్చు, వ్యాసం రాద్దామని మీరే ఎంచుకున్న ఊరు కావచ్చు, ఆ వాక్యం చదివాక చేతిలో మిగిలేది అడ్రసు మాత్రమే. ఊరు అక్కడే ఎందుకు వెలిసింది, ఇళ్లన్నీ ఒకే రోడ్డుకి ఎందుకు అతుక్కుని ఉన్నాయి, ఈ ఊరి చర్చి రిజిస్టరు లాటిన్‌లో ఉంటే నాలుగు కిలోమీటర్ల అవతలి ఊరిది రష్యన్‌లో ఎందుకుంది, ఇవేవీ అందులో దొరకవు.

ఈ పని నేను సరదాగా మొదలుపెట్టి, తర్వాత వదల్లేకపోయాను. నాకు అర్థమైంది చెప్పాలంటే, చాలామంది కాగితాలతో మొదలుపెట్టి అక్కడే ఇరుక్కుపోతారు. నేలతో మొదలుపెట్టండి. ఊరి కింద ఏ రాయి ఉంది, నీళ్లు ఎక్కడున్నాయి, 19వ శతాబ్దంలో ఆ ఊరు సరిహద్దుకి ఏ పక్కన పడింది, ఈ మూడూ తెలిస్తే కాగితాల్లో ఏం వెతకాలో దానంతటదే తెలుస్తుంది.

ముందు ఊరు అదేనా కాదా చూసుకోండి

నేను మొదట్లో దొంబ్రోవా అనే ఒక ఊరి గురించి గంటన్నర చదివి, నోట్సు కూడా రాసుకుని, అది నాకు కావలసిన దొంబ్రోవా కాదని చివర్లో గ్రహించాను. దొంబ్రోవా అంటే ఓక్ తోపు, ఓక్ చెట్లు ఎక్కడ లేవు కనక! నోవా వియెష్ అంటే కొత్త ఊరు, వోలా అంటే స్వేచ్ఛ, ఇలాంటి పేర్లు దేశమంతా పదుల సంఖ్యలో ఉన్నాయి. అందుకే పేరొక్కటే పట్టుకుని దిగకండి, దాని పైనున్న మెట్లు కూడా రాసుకోండి.

మెట్లు ఇవి. దేశంలో 16 వొయెవుద్స్‌త్వోలు, అంటే రాష్ట్రాల్లాంటివి. వాటి కింద 314 పొవ్యాత్‌లు, వీటికి తోడు పొవ్యాత్ హోదా ఉన్న నగరాలు 66. వాటి కింద గ్మినాలు, సుమారు 2,480. గ్మినా అంటే కొన్ని ఊళ్లు కలిసిన స్థానిక పాలనా ప్రాంతం, పన్నులూ బడులూ చెత్తా అన్నీ అక్కడే. గ్మినా కింద ఉండేది సొవెత్స్‌త్వో, దానికి జనం ఎన్నుకున్న పెద్ద సొవ్తిస్. చాలావరకు ఒక ఊరంటే ఒక సొవెత్స్‌త్వో, కానీ రెండు మూడు చిన్న ఊళ్లు కలిసి ఒకటిగా ఉండొచ్చు, పెద్ద ఊరు రెండు మూడుగా చీలి ఉండొచ్చు, కాబట్టి ఆ రెండింటినీ ఒకటే అనుకోవద్దు.

గందరగోళం లేకుండా ఉండాలంటే ప్రభుత్వ గణాంక శాఖ వాళ్ల తెరిత్ అనే రిజిస్టరు తెరవండి. అందులో ప్రతి ఊరికీ 7 అంకెల నంబరు ఉంటుంది. అది మారదు, ఇంకో ఊరికి ఉండదు. అక్కడే ఆ చోటు పూర్తి స్థాయి ఊరా, కొలోనియా అనే విడి పల్లెనా, ప్షిషూవెక్ అనే శివారు పల్లెనా, ఊళ్లో ఒక భాగమా అనేది కూడా రాసి ఉంటుంది. ఈ తేడా చిన్నదిగా కనిపిస్తుంది గానీ తర్వాత చాలా అక్కరకొస్తుంది.

స్పెల్లింగ్ దగ్గర జాగ్రత్త. పోలిష్ ఎల్ మీద అడ్డగీత ఉంటే అది 'వ' శబ్దం, ఓ మీద చిన్న గీత ఉంటే 'ఉ', a, e అక్షరాల కింద తోక ఉంటే ముక్కుతో పలకాలి. గీతలూ తోకలూ వదిలేసి టైప్ చేస్తే పెద్ద సెర్చ్ ఇంజిన్లు సర్దుకుంటాయి, ఆర్కైవుల సైట్లు కొన్ని సర్దుకోవు, "ఫలితాలు లేవు" అని ముఖం మీద చెప్పేస్తాయి. ఫోన్లో పోలిష్ కీబోర్డు పెట్టుకోండి, రెండు నిమిషాల పని.

ఇంకో ఉచ్చు ఉంది. 1975 నుంచి 1998 దాకా దేశంలో 16 కాదు, 49 వొయెవుద్స్‌త్వోలు ఉండేవి. ఇప్పటి లెక్క 1999 జనవరి 1 నుంచి. అందువల్ల ఇవాళ క్రాకోవ్ రాజధానిగా ఉన్న మావొపోల్స్కియెలో ఉన్న మియెహూఫ్ ప్రాంతపు ఊరు, ఆ పాతికేళ్లూ కియెల్ట్‌సె వొయెవుద్స్‌త్వో కింద ఉంది, అంతకు ముందు రెండు యుద్ధాల మధ్య కాలంలోనూ కియెల్ట్‌సె కిందే ఉంది. క్రాకోవ్‌లో ఫైలు దొరక్కపోతే నిరాశ పడకుండా కియెల్ట్‌సెలో అడగండి అనడానికి ఇదే కారణం. 1954లో గ్మినాలనే రద్దు చేసి గ్రొమాదా అనే చిన్న యూనిట్లు పెట్టారు, 1973లో మళ్లీ గ్మినాలు తెచ్చారు. ఆ మధ్య కాలం కాగితాల్లో గ్మినా పేరు కనపడకపోతే మీ తప్పేం లేదు.

రాయి, మట్టి, నీళ్లు

నాకు ఎక్కువ ఇష్టమైన భాగం ఇదే, కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువే మాట్లాడతాను.

పోలండ్ మొత్తం మీద చూస్తే బల్లపరుపు దేశం, 91 శాతం నేల సముద్ర మట్టానికి 300 మీటర్ల లోపే. దక్షిణ అంచున కార్పాతియన్, సుదెతెన్ పర్వతాలు. ఉత్తరాన మైదానం. ఈ రెంటి మధ్య పడమర నుంచి తూర్పుకి ఒక మెరక పట్టీ సాగుతుంది, ఎక్కువ భాగం 200 నుంచి 500 మీటర్ల ఎత్తులో. పోలిష్‌లో దాన్ని విజినా అంటారు. భూగోళ శాస్త్రవేత్త యెజీ కోంద్రాట్‌స్కీ దేశాన్ని సహజ ప్రాంతాలుగా విడగొట్టి నంబర్లు ఇచ్చాడు, ఆ లెక్కలో 341తో మొదలయ్యేది సిలీసియా-క్రాకోవ్ మెరక, 342 మావొపోల్స్కా మెరక, 343 లుబ్లిన్ వైపుది, రోస్తోచె గుట్టల వరస దాన్లోనే. వ్యాసాల్లో ఊరి భౌగోళిక స్థితి చెప్పేటప్పుడు ఈ పేర్లే వాడతారు, కాబట్టి మీ ఊరు ఏ నంబరులో పడుతుందో ముందే తేల్చుకోండి.

తర్వాత కింద ఏముందో చూడండి. క్రాకోవ్‌కీ చెంస్తొహోవాకీ మధ్య అయితే సున్నపురాయి, జురాసిక్ కాలపు సముద్రం అడుగున పేరుకున్నది. అందుకే ఆ ప్రాంతాన్ని స్థానికులు ముద్దుగా యురా అంటారు. సున్నపురాయి నీటిని నిలవనివ్వదు, పడిన వాన పగుళ్లలోంచి కిందికి దిగిపోతుంది, గుహలు తొలుస్తుంది, ఎక్కడో లోయ అడుగున ఊటగా పైకి వస్తుంది. వార్తా నది 808 కిలోమీటర్లు పారుతుంది, అది పుట్టేది జవియెర్చె పట్టణంలో కలిసిపోయిన క్రొమోవూఫ్‌లో ఇలాంటి ఊటల దగ్గరే. ఇప్పుడు ఊళ్లు చూడండి: లోయలో ఏరు ఉన్నచోట ఊరు పొడుగ్గా సాగుతుంది, పైన పీఠభూమి మీద ఉన్న ఊళ్లకి మాత్రం పైపు నీళ్లు వచ్చేదాకా లోతైన బావో, వాననీటి గుంటో, లోయలోకి దిగి మోసుకురావడమో తప్ప దారి లేదు. మ్యాప్‌లో ఊరు పక్కన నీలి గీత లేకపోతే, "నీళ్లు ఎక్కడివి?" అనే ప్రశ్న రాసి పెట్టుకోండి. ఊళ్లో ముసలివాళ్లని ఎవరినైనా కలిస్తే మొదట అడగాల్సింది అదే.

సువొషోవా అనే ఊరు ఫోటో మీరు చూసే ఉంటారు, డ్రోన్ తీసినది బాగా తిరిగింది. ఒకే రోడ్డు, కిలోమీటర్ల పొడవునా రెండు పక్కలా ఇళ్లు, ప్రతి ఇంటి వెనక రిబ్బను లాంటి సన్నని పొలం గట్టు మీదికి ఎక్కిపోతుంది. జనం దాన్ని వింతగా చూశారు గానీ అది వింత కాదు, మధ్యయుగంలో అడవి కొట్టి ఊరు కట్టేటప్పుడు పాటించిన పద్ధతి. కొలతగాడు లోయ వెంట రోడ్డు గీసి, ఒక్కొక్క కుటుంబానికి రోడ్డు నుంచి గుట్ట అంచు దాకా ఒక పట్టీ ఇచ్చేవాడు, కాబట్టి ప్రతివాడికీ కొంచెం ఏరు, కొంచెం మంచి నేల, కొంచెం రాతి నేల, కొంచెం అడవి దక్కేవి. ఇలాంటి ఊరిని వాన్‌త్సుహూఫ్కా, అంటే గొలుసు ఊరు అంటారు. రోడ్డుకి రెండు వైపులా ఇళ్లు దగ్గర దగ్గరగా కిక్కిరిసి ఉంటే ఉలిట్‌సూఫ్కా, వీధి ఊరు. మధ్యలో కోలగా ఖాళీ జాగా వదిలి చుట్టూ కడితే ఒవాల్నిట్‌సా. ఉపగ్రహ చిత్రం తెరిచి మీ ఊరు వీటిలో ఏదో చూడండి, చాలాసార్లు ఊరి వయసు గురించి మొదటి ఆధారం అదే ఇస్తుంది. సువొషోవా చివరన పియెస్కోవా స్కావా కోటా, దాని పక్కనే హెర్క్యులెస్ గద అనే పొడవాటి సున్నపురాయి స్తంభమూ ఉన్నాయి. అది ఓయ్‌త్సూఫ్ నేషనల్ పార్కు ప్రాంతం, 1956లో పెట్టారు, దేశంలోకెల్లా చిన్నది.

మియెహూఫ్ వైపు, లుబ్లిన్ వైపు వెళ్తే కథ వేరే. అక్కడ పైన పరిచి ఉన్నది లోయెస్, మంచుయుగాల్లో గాలి మోసుకొచ్చి పోసిన మెత్తటి పసుపు మట్టి. ముట్టుకుంటే పిండిలా ఉంటుంది. పంటకి బంగారం, ప్రొషొవిట్‌సె చుట్టుపక్కల నల్లరేగడి లాంటి మట్టి కూడా దొరుకుతుంది. కానీ ఆ మట్టికి ఒక రోగం ఉంది, నీరు తగిలితే నిలువుగా కోసుకుపోతుంది. కజిమియెష్ దోల్నీ దగ్గర గండ్లు ఎంత చిక్కగా ఉన్నాయంటే కొన్నిచోట్ల చదరపు కిలోమీటరుకి 10 కిలోమీటర్ల దాకా లెక్కేశారు. బండ్లు తిరిగి తిరిగి దారి కిందికి దిగిపోయి, రెండు పక్కలా గోడల్లా నిలబడిన మట్టిలోంచి చెట్ల వేళ్లు బయటికి వేలాడుతుంటాయి, కొజెన్యోవీ దూవ్ అనే అలాంటి దారిని చూడ్డానికి జనం బారులు తీరతారు. లోయెస్ ఊళ్లో ఇళ్లు సాధారణంగా గండి అడుగునో ఏటి పక్కనో ఉంటాయి, పైన చదును నేలంతా పంటకే వదిలేస్తారు. మంచి నేల మీద ఇల్లు కట్టడం వాళ్ల లెక్కలో దండగ.

కియెల్ట్‌సె పక్కన శ్వియెంతొక్షిస్కియె గుట్టలు ఇంకో రకం. అక్కడ ఎత్తైనది విసిట్‌సా, 614 మీటర్లు, పర్వతం అనడానికి మొహమాటంగా ఉంటుంది కానీ రాయి మాత్రం చాలా పాతది, కేంబ్రియన్ కాలపు క్వార్ట్‌జైట్. పగిలి వాలు మీద పరుచుకున్న ఆ రాళ్ల కుప్పల్ని గొవొబోజె అంటారు. నేల పేద, అడవి ఎక్కువ, కానీ ఇనుప ఖనిజం ఉంది. రోమన్ల కాలంలోనే ఇక్కడ మట్టి కొలిముల్లో ఇనుము కరిగించారు. అంతకు వేల ఏళ్ల ముందు చెకుముకి రాయి తవ్విన క్షెమియోంకి గనులు 2019లో యునెస్కో జాబితాకి ఎక్కాయి. ఇలాంటి చోట ఊరు పంట కోసం పుట్టలేదేమో అన్న అనుమానం మీకు ముందే రావాలి.

ఇవన్నీ ఇంట్లో కూర్చునే చూడొచ్చు. పోలండ్ ప్రభుత్వపు జియోపోర్టల్ తెరవండి, ఉచితం. అందులో లేజర్‌తో కొలిచిన నేల ఉపరితలం పొర ఉంటుంది, చెట్లన్నీ తీసేసినట్టు కనిపిస్తుంది. అడవి కింద దాగిన పాత గట్లు, పూడిపోయిన గండ్లు, పాడుబడిన గనుల గుంటలు బయటపడతాయి. నేల తరగతి కూడా చూడండి, దున్నే నేలకి 1 నుంచి 6 దాకా ఉంటాయి, 1 అంటే బంగారం, 6 అంటే దాదాపు అడవికి వదిలేయాల్సిందే. 1, 2 కనిపిస్తే లోయెస్ అని గట్టిగా అనుమానించండి. నన్నడిగితే ఈ ఒక్క సైటు మీద ఒక సాయంత్రం గడపడం పది వ్యాసాలు చదవడం కంటే నయం.

సరిహద్దుకి ఏ పక్క?

పోలండ్‌ని పొరుగు రాజ్యాలు రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా 1772, 1793, 1795లో మూడు విడతలుగా పంచుకున్నాయని అందరికీ తెలుసు. చిన్న ఊరికి సంబంధించినంత వరకు ముఖ్యమైనది 1815 తర్వాత గీత ఎక్కడ స్థిరపడిందన్నది. మెరక సీమ ఈ గీతల వల్ల ముక్కలైంది. సిలీసియా వైపు ప్రష్యా, మియెహూఫ్, కియెల్ట్‌సె, లుబ్లిన్ రష్యా చక్రవర్తి కింది పోలండ్ రాజ్యం, క్రాకోవ్ 1846 దాకా స్వతంత్ర నగరం, తర్వాత ఆస్ట్రియా పాలించిన గాలీసియా ప్రాంతంలో భాగం. మిస్వొవిట్‌సె దగ్గర రెండు ఏర్లు కలిసే చోట మూడు సామ్రాజ్యాల హద్దులూ తాకేవి, ఇప్పటికీ దాన్ని ముగ్గురు చక్రవర్తుల మూల అనే పిలుస్తారు.

క్రాకోవ్ నుంచి ఉత్తరంగా కాస్త దూరం వెళ్తే మిహవొవిట్‌సె అనే ఊరు వస్తుంది. 1914 ఆగస్టు 6న పోలండ్ స్వాతంత్ర్యం కోసం పోరాడిన నాయకుడు పిల్సుద్‌స్కీ పంపిన మొదటి దళం రష్యా వైపు నడిచి సరిహద్దు దాటింది అక్కడే. అంటే క్రాకోవ్ సందు చివర దాకా ఆస్ట్రియా, ఆ పైన రష్యా. పక్క పక్క ఊళ్లు, ఒకే భాష, ఒకే మతం, కానీ నూరేళ్లు వేరే చట్టాలు.

దీని ఫలితం మీకు మూడు చోట్ల తగులుతుంది. మొదటిది వెట్టి. దొర పొలంలో వారానికి ఇన్ని రోజులని చేసే వెట్టి గాలీసియాలో 1848లో, రష్యా భాగంలో 1864లో పోయింది, ప్రష్యాలో అంతకు ముందే అంచెలంచెలుగా తీసేశారు. ఊరి బయట శిలువ మీద ఈ సంవత్సరాల్లో ఏదైనా కనిపిస్తే, అది విడుదల గుర్తుగా రైతులు పెట్టిందేమో చూడండి.

రెండోది రిజిస్టర్ల భాష. గాలీసియాలో జనన మరణాలు లాటిన్‌లో, గళ్లు గీసిన పట్టికల్లో ఉంటాయి, చదవడం తేలిక. రష్యా భాగంలో 1868 దాకా పోలిష్‌లో, ఒక్కొక్క పుట్టుకకీ ఒక పేరా కథలా రాశారు: ఫలానా రోజు మధ్యాహ్నం ఫలానా రైతు, ఇన్నేళ్లవాడు, సాక్షులతో వచ్చి బిడ్డను చూపించాడు అని. 1868 నుంచి మొదటి ప్రపంచయుద్ధం దాకా అదే కథ రష్యన్‌లో. తేదీలు రెండు వేస్తారు, పాత రష్యా క్యాలెండరుది ఒకటి, మనం వాడేది ఒకటి, 19వ శతాబ్దంలో 12 రోజుల తేడా. ఒకే బిడ్డ రెండుసార్లు పుట్టాడని అనుకోకండి. స్కాన్లు ప్రభుత్వ ఆర్కైవుల ఉమ్మడి సైటులో, సూచికలు గెనెతెకా అనే వంశ చరిత్రల సైటులో దొరుకుతాయి. నూరేళ్ల లోపు జననాలు, 80 ఏళ్ల లోపు పెళ్లిళ్లు, మరణాలు మాత్రం రిజిస్ట్రీ ఆఫీసులోనే ఉంటాయి, వాటిని సంబంధం లేనివాళ్లకి ఇవ్వరు.

మూడోది పొలాల సైజు. గాలీసియాలో తండ్రి పొలం పిల్లలందరికీ పంచుకుంటూ పోయారు, అడ్డంగా కాదు, నిలువుగా, ఆ రిబ్బన్లు ఇంకా సన్నబడ్డాయి. ఇవాళ కూడా మావొపోల్స్కియెలో సగటు కమతం 4 హెక్టార్ల పైచిలుకు, దేశం సగటు 11 దాటింది.

పేరులో ఏముంది

చాలానే ఉంది, కానీ పేరు మీద మరీ నమ్మకం పెట్టుకోకండి.

వోలా, వూల్కా అని ఉంటే కొత్తగా అడవి కొట్టి స్థిరపడినవాళ్లకి కొన్నేళ్లు శిస్తు మాఫీ చేసిన ఊరు, స్వేచ్ఛ అంటే ఆ స్వేచ్ఛే. పొరెంబా, వాజీ అంటే చెట్లు నరికి ఖాళీ చేసిన చోటు. రూదా ఇనుప ఖనిజం, కుజ్నిట్‌సా కొలిమి, హూతా గాజు లేదా లోహం కరిగించే బట్టీ. మైదాన్ అనేది లుబ్లిన్, రోస్తోచె వైపు ఎక్కువ, అదీ అడవి పని చుట్టూ పుట్టిన పల్లెలకే. కొలోనియా అని ముందుంటే దొర భూమి ముక్కలు చేసి అమ్మాక పుట్టిందని ముందు అనుమానించండి. అన్నింటికన్నా నాకు నచ్చినవి సేవ ఊళ్లు: రాజు గుర్రాలు చూసేవాళ్లది కొబిల్నికి, పశువుల కాపర్లది స్కొత్నికి, వేటకుక్కల వాళ్లది ప్సారీ, రొట్టెలు చేసేవాళ్లది పియెకారీ. ఇలాంటి పేరు ఉంటే ఊరు చాలా పాతది, తొలి పోలండ్ రాజుల కాలం దాకా వెళ్లొచ్చు. చివర "ఇట్‌సె" అని ఉంటే సాధారణంగా ఒక మనిషి పేరు మీద, అతని వాళ్ల ఊరు అని.

పాత కాగితాలు, ఏ వరసలో

ముందుగా 1880 నుంచి 1902 దాకా వార్సాలో అచ్చయిన 15 సంపుటాల భౌగోళిక నిఘంటువు, పోలిష్‌లో స్వోవ్నిక్ గెయొగ్రఫిచ్నీ అంటారు. పూర్తిగా స్కాన్ చేసి ఉంది. చిన్న చిన్న పల్లెలకి కూడా నాలుగు లైన్లు ఉంటాయి. పొట్టి అక్షరాలకి భయపడకండి: డీఎం అంటే ఇళ్లు, ఎంకే అంటే నివాసులు, ఎంఆర్ అంటే మోర్గ్‌లు, డబ్ల్యూ అంటే వెర్స్టులు. మోర్గ్ అంటే రష్యా భాగంలో 0.56 హెక్టారు, గాలీసియాలో 0.575. వెర్స్టు కిలోమీటరు కంటే కాస్త ఎక్కువ. రష్యా భాగం ఊళ్లకి చాలాచోట్ల 1827 నాటి లెక్క, పుస్తకం అచ్చయ్యే నాటి లెక్క రెండూ ఇస్తారు. ఆ యాభై ఏళ్లలో ఇళ్లు రెట్టింపయ్యాయా, అలాగే ఉన్నాయా అని చూస్తే ఊరి నడక తెలిసిపోతుంది. దొర కమతం ఎన్ని మోర్గ్‌లు, రైతులవి ఎన్ని అన్నది కూడా ఉంటుంది, అది తప్పక రాసుకోండి.

ఇంకా వెనక్కి వెళ్లాలంటే క్రాకోవ్ డయోసిస్ (అక్కడి బిషప్ కింది ప్రాంతం) ఊళ్లకి ఒక అదృష్టం ఉంది. యాన్ ద్వూగోష్ అనే చరిత్రకారుడు 1470 నుంచి 1480 దాకా డయోసిస్ ఆస్తులన్నీ ఊరూరా రాయించాడు, దశమభాగం ఎవరికి వెళ్తుంది, ఎన్ని వాన్‌ల (పాత నేల కొలత) పొలం, చెరువు ఉందా, సారా కొట్టు ఉందా అని. దానికన్నా ముందు 1325 ప్రాంతంలో పోప్‌కి కట్టిన కప్పం లెక్కల్లో పారిష్‌ల, అంటే ఒక్కో చర్చి కిందికి వచ్చే ప్రాంతాల, పేర్లు ఉన్నాయి. ఊరి "మొదటి ప్రస్తావన" అని ఎక్కడైనా చదివితే అది ఈ రెంటిలో ఒకటి కావడానికి అవకాశం ఎక్కువ. మొదటి ప్రస్తావన అంటే ఊరు పుట్టిన తేదీ కాదు, పన్ను వేసేవాడి కంట్లో పడిన తేదీ.

మ్యాపులు: ఆస్ట్రియా సైన్యం గాలీసియాని 1779 నుంచి 1783 మధ్య, పశ్చిమ గాలీసియా అనే భాగాన్ని 1801 నుంచి 1804 మధ్య కొలిచింది, ఇళ్లూ మిల్లులూ శిలువలూ కూడా గీశారు. 1920లు, 30లలో పోలండ్ సైన్యపు భౌగోళిక సంస్థ వేసిన 1:100 000 షీట్లు ఇంటర్నెట్‌లో తేలిగ్గా దొరుకుతాయి, ముద్రణ ఎంత అందంగా ఉంటుందంటే పని మర్చిపోయి చూస్తూ కూర్చుంటాను. ఆ షీటునీ ఇప్పటి జియోపోర్టల్‌నీ పక్కపక్కన పెట్టి మాయమైనవి వెతకండి: మిల్లు, చెరువు, దొర దివాణం, ఇటుక బట్టీ.

రాత్స్‌వవిట్‌సె మీద ప్రయత్నించి చూడండి, కొత్తవాళ్లకి మంచి అభ్యాసం. మియెహూఫ్ పొవ్యాత్‌లో లోయెస్ మెరక మీది ఊరు. 1794 ఏప్రిల్ 4న తిరుగుబాటు నాయకుడు కోష్చూష్కో సైన్యం రష్యన్లని ఓడించింది అక్కడే, కొడవళ్లని నిలువుగా బిగించుకుని ఫిరంగుల మీదికి ఉరికిన రైతుల్లో బార్తోష్ గ్వొవాట్‌స్కీ పేరు బళ్లో ప్రతి పిల్లకీ తెలుసు. తర్వాతి ఏడాది ఆస్ట్రియా, 1809లో నెపోలియన్ పెట్టిన వార్సా డచీ, 1815 తర్వాత రష్యా చక్రవర్తి కింది రాజ్యం. ఇరవై ఏళ్లలో నాలుగు జెండాలు. ఆ యుద్ధం బొమ్మ, 15 మీటర్ల ఎత్తు, 114 మీటర్ల చుట్టుకొలత, ఇవాళ ఊళ్లో కాదు, వ్రోత్స్‌వాఫ్ నగరంలో ఉంది.

20వ శతాబ్దం

ఇక్కడ తొందరపడకండి, తేలిక మాటలు వాడకండి. రెండో ప్రపంచయుద్ధానికి ముందు మెరక సీమలో యూదులు లేని చిన్న పట్టణం దాదాపు ఉండేది కాదు, వాళ్ల దుకాణాలూ సంతలూ లేకుండా చుట్టూ పల్లెల బతుకు ఉండేది కాదు. 1942లో జర్మన్లు వాళ్లలో చాలామందిని చంపేశారు, బెవ్జెత్స్ మరణ శిబిరం రోస్తోచె అంచునే ఉంది. మీ ఊరికి దగ్గరి పట్టణాన్ని వార్సాలోని యూదు చరిత్ర మ్యూజియం వాళ్ల వర్చువల్ ష్టెట్ల్ సైటులో చూడండి. జమోష్చ్ ప్రాంతంలో 1942 నవంబరు నుంచి 1943 ఆగస్టు దాకా జర్మన్లు దాదాపు 300 ఊళ్లు ఖాళీ చేయించారు, లక్షకు పైగా జనాన్ని తరిమేశారు, అందులో 30 వేల మంది పిల్లలు. కియెల్ట్‌సె ఉత్తరాన మిహ్న్యూఫ్‌లో 1943 జులై 12, 13 తేదీల్లో 204 మందిని చంపి ఊరు తగలబెట్టారు, ఇప్పుడు అక్కడ పోలండ్ పల్లెల స్మారకం ఉంది. మీ ఊరి జనాభా పట్టికలో 1939కీ 1950కీ మధ్య గుంట కనిపిస్తే కారణం వెతకకుండా ముందుకి పోవద్దు.

1944 సెప్టెంబరు 6న వచ్చిన భూసంస్కరణతో 50 హెక్టార్ల పైన సాగు భూమి ఉన్న దొరల కమతాలు పోయాయి, పశ్చిమ వొయెవుద్స్‌త్వోల్లో మాత్రం మొత్తం నేల 100 హెక్టార్లు దాటితేనే. దివాణాలు బడులయ్యాయి, ఆఫీసులయ్యాయి, కొన్ని కూలాయి. ఉమ్మడి సాగు పెట్టాలని చూశారు గానీ 1956 తర్వాత చాలావరకు విడిపోయింది. అందుకే ఆ రిబ్బన్లు బతికి ఉన్నాయి.

ఊరికి వెళ్తే

ఆకుపచ్చ బోర్డు మీద తెల్ల అక్షరాలతో ఊరి పేరు ఉన్నచోట ఊరి హద్దు మొదలవుతుంది. చాలా పల్లెల్లో వీధి పేర్లుండవు, ఇంటి నంబరే అడ్రసు, అవి కట్టిన వరసలో ఇస్తూ పోయిన చోట్ల 12 పక్కన 87 ఉండొచ్చు. దారిపక్క శిలువలు, కప్లిచ్కా అనే చిన్న గుడులు అన్నీ ఫోటో తీయండి, కింద అక్షరాలు దగ్గరగా. "గాలి, ఆకలి, నిప్పు, యుద్ధం నుంచి కాపాడు ప్రభూ" అని ఉంటే గాలి అంటే అంటురోగం, చెక్కినవాళ్లకి కలరా గుర్తుండి ఉంటుంది. స్మశానంలో ఇంటిపేర్లు లెక్కపెట్టండి, నాలుగైదు ఇంటిపేర్లే సగం రాళ్ల మీద ఉంటే అది బయటివాళ్లు పెద్దగా రాని ఊరు. ఫైర్ స్టేషను గోడ మీద స్వచ్ఛంద అగ్నిమాపక దళం పుట్టిన సంవత్సరం రాసి ఉంటుంది.

సొవ్తిస్ ఇంటికి చిన్న బోర్డు ఉంటుంది. మగవాళ్లయితే పాన్, ఆడవాళ్లయితే పాని అని పిలవండి, పేరు పెట్టి కాదు. జ్యెన్ దొబ్రీ (మన నమస్కారం లాంటి పలకరింపు) చెప్పకుండా ఏ మాటా మొదలుపెట్టకండి. ఫోన్లో స్క్రీన్ చూపిస్తే తల ఊపి ఊరుకుంటారు, కాబట్టి 1930ల నాటి షీటులో మీ ఊరి ముక్కని పెద్దగా ప్రింటు తీసుకుని వెళ్లండి, ఒక పెన్సిలు కూడా. బల్ల మీద పరిస్తే చాలు, మిల్లు ఇక్కడ కాదు, కొంచెం కింద ఉండేది అని ఎవరో ఒకరు వేలు పెట్టి దిద్దడం మొదలుపెడతారు, మీరు రాసుకుంటూ కూర్చోండి.